ఊరియా మరణము లేని చరిత్ర: ఉపగ్రహ, ప్రచురణ కంపెనీల చరిత్రలపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

కంపెనీల చరిత్రలను వేదాంత పత్రికలో పరిశీలించవలసిన అవసరమేమని కొందరు పాఠకులు అడుగవచ్చును. ఆదివారము ఉదయము మన విశ్వాసులలో అనేకులు ఆలయమునకు రాకముందే ఇంటిలో టెలివిజను ద్వారా ఒక ప్రసంగమును విని వచ్చుచున్నారు. ఆ ప్రసంగము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్న ఒక ఉపగ్రహమును తాకి వారి ఇంటికి చేరుచున్నది. కాపరుల బల్లమీద ఉన్న ఆంగ్ల బైబిలు, వ్యాఖ్యాన గ్రంథములు ఏదో ఒక ప్రచురణ కంపెనీ అచ్చువేసి అమ్మినవి. ప్రసంగములోని సిద్ధాంతమును పరీక్షించుట వేదాంత కళాశాలలో మనకు నేర్పబడినది. ఆ ప్రసంగమును మోసికొని వచ్చిన ఉపగ్రహము ఎవరిది, ఆ గ్రంథమును అచ్చువేసిన సంస్థ ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినది అని అడుగుట మాత్రము నేర్పబడలేదు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన సాహిత్యమే కంపెనీ చరిత్ర. స్వర్ణోత్సవ సంచికలు, వార్షిక నివేదికల ముందుమాటలు, స్థాపకుని జీవితగాథలు ఈ కోవకు చెందినవి. 1988 నుండి వెలువడిన ఇంటర్నేషనల్ డైరెక్టరీ ఆఫ్ కంపెనీ హిస్టరీస్ వంటి బహుసంపుటముల సంకలనములు కూడ ఉన్నవి. ఈ సంకలనములలో నష్టములు, వివాదములు కొన్నిచోట్ల కనిపించుననుట న్యాయము. అయినను ఈ సాహిత్యమంతటికి ఒక సాధారణ లక్షణము ఉన్నదని మేము భావించుచున్నాము. ప్రస్తుత యజమానుడు నిలిచిన చోటునుండి వెనుకకు చూచి, జరిగినదంతయు తనయొద్దకు నడచివచ్చిన బాటగా చూపుట ఆ లక్షణము. ఇట్టి చరిత్రను చదువు విధానమును పరిశుద్ధ గ్రంథమే మనకు నేర్పగలదని చూపుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

ఒక యుద్ధము, రెండు చరిత్రలు

రబ్బా పట్టణపు ముట్టడిని మన బైబిలులో ఇద్దరు చరిత్రకారులు వ్రాసిరి. 2 సమూయేలు 11, 12 అధ్యాయములలో దావీదు యెరూషలేములో నిలిచిపోవుట, బత్షెబ విషయము, ఊరియాను యుద్ధము ముమ్మరముగా ఉన్నచోట నిలువబెట్టి చంపించుట, నాతాను వచ్చి గద్దించుట వివరముగా ఉన్నవి. 1 దినవృత్తాంతములు 20వ అధ్యాయములో అదే ముట్టడి కొద్ది వచనములలో ముగియును. దావీదు యెరూషలేములో నిలిచెనని చెప్పబడినది, పట్టణము పడిపోయెనని చెప్పబడినది, కిరీటము దావీదు తలమీదికి వచ్చెనని కూడ చెప్పబడినది. మధ్యలో జరిగినది లేదు.

దినవృత్తాంతకారుడు అబద్ధము వ్రాసెనని మేము అనుటలేదు. ఆయన దృష్టి దేవాలయముమీద, ఆరాధన క్రమముమీద ఉన్నది. దావీదు జనసంఖ్య లెక్కించిన పాపమును 21వ అధ్యాయములో ఆయన దాచలేదు కూడ. అయితే ఒక సంగతి గమనింపదగినది. అదే గ్రంథము 11వ అధ్యాయములోని పరాక్రమశాలుల జాబితాలో హిత్తీయుడైన ఊరియా పేరు ఉన్నది. అనగా గౌరవ జాబితాలో పేరు దొరకును, ఆ మనుష్యుడు ఎట్లు చనిపోయెనో మాత్రము దొరకదు. కంపెనీ చరిత్రలను విమర్శించుటకు ఇంతకంటె చక్కని కొలబద్ద మాకు కనబడలేదు. పేరు లేకపోవుట కాదు, పేరు వ్రాసి మరణమును విడిచిపెట్టుటయే ఈ సాహిత్యముయొక్క లోపము.

మత్తయి సువార్తికుడు ఇందుకు భిన్నమైన మార్గమును ఎన్నుకొనెను. రక్షకుని వంశావళిలోనే, సొలొమోను తల్లిని ఆమె పేరుతో గాక ఊరియా భార్యగా పేర్కొని (మత్తయి 1:6), ఆ గాయమును శాశ్వతముగా తెరచియుంచెను. మహిమగల వంశమునకు చెందినవారు తమ చరిత్రనుండి అవమానమును తుడిచివేయ నవసరము లేదని ఆ ఒక్క మాట బోధించుచున్నది.

ఇంటెల్‌సాట్: ఒడంబడికనుండి అప్పుల వరకు

ఈ కొలబద్దతో మొదట ఉపగ్రహ రంగమును చూచెదము. 1964 ఆగస్టు 20న 11 దేశముల ఒప్పందముతో ఇంటెల్‌సాట్ ఏర్పడినది. దాని మొదటి ఉపగ్రహము ఎర్లీ బర్డ్ 1965 ఏప్రిల్ 6న ప్రయోగింపబడినది. దాని శక్తి 240 టెలిఫోను మార్గములు, లేదా ఒక టెలివిజను ప్రసారము మాత్రమే. ధనిక దేశములు, పేద దేశములు కలిసి ఒక సహకార సంఘమువలె ఆకాశమార్గమును పంచుకొనవలెనను ఆశయము ఆ సంస్థకు మూలము. భారతదేశము కూడ అందులో సభ్యదేశమైనది. క్రమముగా సభ్యదేశముల సంఖ్య 140 దాటినది.

2001 జూలై 18న ఈ ఒడంబడిక సంస్థ ప్రైవేటు కంపెనీగా మార్చబడినది. 2005లో పెట్టుబడి సంస్థల కూటమి ఒకటి దానిని కొనినది. 2006లో ఇంటెల్‌సాట్ తన పోటీదారైన పాన్‌యామ్‌శాట్‌ను కొనినది. 2008లో దాని యాజమాన్యము మరియొక పెట్టుబడి సంస్థ చేతికి మారినది. ఇట్టి కొనుగోళ్లలో కొనువాడు చేసిన అప్పు కొనబడిన కంపెనీ నెత్తిమీదనే పెట్టబడుట పరిపాటి. 2020 మే 13న ఇంటెల్‌సాట్ అమెరికా న్యాయస్థానములో దివాలా రక్షణ కోరినప్పుడు దాని అప్పు సుమారు 1,500 కోట్ల డాలర్లు. అప్పిచ్చినవారిలో అనేకులు తమ బాకీకి బదులుగా వాటాలు పుచ్చుకొనగా, అప్పు సగమునకు పైగా తగ్గి, 2022లో కంపెనీ బయటపడినది. తుదకు 2025 జూలై 17న లక్సెంబర్గ్ దేశపు ఎస్.ఇ.ఎస్. దానిని కొనుగోలు చేసినది. ఆ ఎస్.ఇ.ఎస్. కూడ 1985లో అక్కడి ప్రభుత్వపు అండతో పుట్టినదే.

ఇప్పుడు కంపెనీల భాషను గమనింపుడు. దివాలాను వారు ఆర్థిక పునర్వ్యవస్థీకరణము అందురు. దానిని దాటుటను బయటికి వచ్చుట అందురు. సమాధిలోనుండి బయటికి వచ్చినవానిని గూర్చి ప్రకటించు మనకు ఈ మాట వినుటకు సుపరిచితముగా ఉండును. అయితే మన పునరుత్థాన సువార్తలో మొదట సిలువ ఉన్నది, ఆ సిలువకు కారకులైనవారి పేర్లు ఉన్నవి. మరణమును చెప్పని పునరుత్థానము ఈ సాహిత్యములో మాత్రమే కనబడును.

మరియొక సంగతి కూడ ఉన్నది. అమెరికాలో సి-బ్యాండ్ అను తరంగ శ్రేణిలో కొంత భాగమును సెల్‌ఫోను సేవలకొరకు త్వరగా ఖాళీ చేసినందుకు ఇంటెల్‌సాట్‌కు సుమారు 487 కోట్ల డాలర్ల ప్రోత్సాహకము నిర్ణయింపబడినది. ఆ తరంగములను ఇంటెల్‌సాట్ సృష్టింపలేదు, వాటికి వెల పెట్టి వేలములో కొనలేదు. ప్రజలదైన దానిని వాడుకొన్నవానికి, ఖాళీ చేసినందుకు ధనము ముట్టినది. ఇది చట్టవిరుద్ధము కాదు. అయితే కంపెనీ ఆస్తి అను మాటకు అర్థమేమో తెలియవలెనన్న, ఈ అధ్యాయము చదువక తెలియదు.

మన ఇండ్లమీది ఆకాశము

ఇది దూరదేశపు ముచ్చట అని అనుకొనవద్దు. 1990 ఏప్రిల్ 7న చైనా రాకెట్టుపై ప్రయోగింపబడిన ఏషియాశాట్-1 ద్వారానే 1991లో స్టార్ టీవీ, 1992 అక్టోబరు 2న జీ టీవీ మన దేశపు ఇండ్లలో ప్రవేశించినవి. ఆ ఉపగ్రహమునకు పూర్వజీవితము ఒకటి ఉన్నది. మొదట అది వెస్టార్-6 అను పేరుతో వెస్టర్న్ యూనియన్ సంస్థకు చెందినది. 1984 ఫిబ్రవరిలో ఛాలెంజర్ వ్యోమనౌకనుండి విడువబడి, తప్పుడు కక్ష్యలో చిక్కుకొన్నది. అదే సంవత్సరము నవంబరులో డిస్కవరీ వ్యోమగాములు దానిని పట్టుకొని భూమికి తెచ్చిరి. తరువాత మరమ్మతు చేయబడి, క్రొత్త పేరు పెట్టబడి, మరల పైకి పంపబడినది. తెలుగు పల్లెలలో సైతము కేబులు ఆపరేటరు గొడుగు యాంటెన్నా పెట్టి ప్రజలను ఆశ్చర్యపరచిన ఆ క్రొత్త యుగము, నిజమునకు ఒకసారి తప్పిపోయి తిరిగి దొరికిన పాత ఉపగ్రహముతో ఆరంభమైనది.

1993 జూలైలో రూపర్ట్ మర్దోక్‌గారి న్యూస్ కార్పొరేషన్ 52.5 కోట్ల డాలర్లకు స్టార్ టీవీలో ఆధిక్య వాటాను కొనినది. అదే సంవత్సరము సెప్టెంబరులో లండనులో ఆయన ఒక ఉపన్యాసము చేయుచు, క్రొత్త ప్రసార సాధనములు నిరంకుశ ప్రభుత్వములకు ముప్పు అని ప్రకటించెను. కొద్ది వారములలోనే చైనా ప్రభుత్వము ప్రజలు డిష్ యాంటెన్నాలు పెట్టుకొనుటపై కఠినమైన నిషేధము విధించినది. 1994లో చైనా వైపు ప్రసారమునుండి బి.బి.సి. వార్తా ఛానలును స్టార్ తొలగించినది. సంకెళ్లను తెంచునని చెప్పబడిన ఉపగ్రహము, యజమానుని వ్యాపారమునకు అడ్డు వచ్చినప్పుడు తానే ఒక స్వరమును మూసివేసినది.

ఈ స్టార్ సంస్థ భారతీయ శాఖ 2019లో డిస్నీ చేతికి, 2024 నవంబరులో రిలయన్స్‌తో కూడిన ఉమ్మడి సంస్థలోనికి చేరినది. ముప్పది మూడు సంవత్సరములలో హాంగ్‌కాంగ్ వ్యాపారి, ఆస్ట్రేలియాలో పుట్టిన పత్రికాధిపతి, అమెరికా వినోద సంస్థ, భారతీయ పారిశ్రామిక సంస్థ అను నాలుగు చేతులు మారినవి. తెరమీద నక్షత్రపు గుర్తు మాత్రము కొనసాగినది. గుర్తు మారకుండుటయే చరిత్రను మరపించు సాధనము.

బైబిలు ముద్రించు గృహములు

ఇదే యజమానుని మరియొక చేతిలో గ్రంథములున్నవి. ఇక్కడ మన విషయము మరింత దగ్గరకు వచ్చును. 1817లో న్యూయార్కులో హార్పర్ ముద్రణాలయమును స్థాపించిన సోదరులు మెథడిస్టు కుటుంబమువారు. 1819లో గ్లాస్గోలో విలియం కొలిన్స్ తన వ్యాపారమును చార్లెస్ ఛామర్స్‌తో కలిసి ఆరంభించెను. ఈ చార్లెస్, ప్రఖ్యాత ప్రసంగీకుడైన థామస్ ఛామర్స్‌కు సోదరుడు. భారతదేశమునకు మిషనరీగా వచ్చిన అలెగ్జాండర్ డఫ్‌కు గురువు ఆ థామస్ ఛామర్సే. 1798లో ఎడిన్‌బరోలో పాత పుస్తకముల అంగడితో మొదలుపెట్టిన థామస్ నెల్సన్, సామాన్యులు కొనగల వెలకు భక్తి గ్రంథములను అందించెను. 1931లో మిషిగన్ రాష్ట్రములోని ఒక రైతు ఇంటిలో జాండర్వాన్ సోదరులు అమ్ముడుపోక మిగిలిన పుస్తకములను చౌకగా కొని అమ్ముచు తమ వ్యాపారమును ప్రారంభించిరి.

ఈ నాలుగు గృహములును భక్తిగల కుటుంబములలో పుట్టినవి. 1987లో హార్పర్‌ను, 1989లో కొలిన్స్‌ను న్యూస్ కార్పొరేషన్ వశపరచుకొనగా, ఆ రెండింటి కలయికయే హార్పర్‌కొలిన్స్. జాండర్వాన్ 1988లో హార్పర్ చేతికి వచ్చినది. థామస్ నెల్సన్ అమెరికా సంస్థ 2006లో పెట్టుబడి సంస్థ చేతికి పోయి, 2012లో హార్పర్‌కొలిన్స్‌లో చేరినది. ఫలితముగా అమెరికాలో ఎన్.ఐ.వి. బైబిలును అచ్చువేయు గృహము, 1982లో పూర్తియైన న్యూ కింగ్ జేమ్స్ బైబిలు గృహము ఒకే కప్పు క్రిందికి వచ్చినవి. 2013లో న్యూస్ కార్పొరేషన్ రెండుగా విడిపోయినప్పుడు టెలివిజను ఒక ప్రక్కకు, గ్రంథములు మరియొక ప్రక్కకు పోయినవి గాని, రెండింటిమీదను ఆధిపత్యము ఆ కుటుంబమునందే నిలిచినది.

ఇక్కడ న్యాయముగా మాటలాడవలెను. యజమానుడు మారుటచేత బైబిలు వచనము మారెనని మేము ఆరోపించుటలేదు. ఎన్.ఐ.వి. అనువాదపు హక్కు 1809లో ఆరంభమైన బైబిలు సంఘమునకు వారసురాలైన బిబ్లికా సంస్థయందున్నది. అనువాద నిర్ణయములు పండితుల సంఘమువి. మేము చూపదలచినది మరియొక ప్రమాదము. 1998లో హాంగ్‌కాంగ్ చివరి బ్రిటిషు గవర్నరు క్రిస్ ప్యాటెన్ వ్రాసిన ఈస్ట్ అండ్ వెస్ట్ అను గ్రంథమును హార్పర్‌కొలిన్స్ ఒప్పుకొనియు విడిచిపెట్టినది. ఆ గ్రంథము చైనా పాలకులను విమర్శించినది. దానిని సిద్ధపరచుచున్న సంపాదకుడు స్టువర్ట్ ప్రాఫిట్ ఉద్యోగమును వదలుకొనెను. అనంతరము కంపెనీ గ్రంథకర్తకు క్షమాపణ చెప్పి పరిహారము ఇచ్చినది. గ్రంథమును వేరొక గృహము ప్రచురించినది. ఆకాశములో ఒక ఛానలును తొలగించిన ప్రయోజనమే భూమిమీద ఒక గ్రంథమును ఆపజూచినది. బైబిలు ముద్రించు గృహములున్న కప్పు క్రిందనే ఇది జరిగినది. ఉపగ్రహము చరిత్రను వేరుగా, ముద్రణాలయము చరిత్రను వేరుగా చదువువానికి ఈ సంబంధము కనబడదు. ఈ కథలో ఊరియా ఎవరో గుర్తించుటకు రెండు చరిత్రలును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను. సమూయేలును, దినవృత్తాంతములను మనము అట్లే చదువుచున్నాము గదా.

ఆకాశము ఎవరిది?

ఉపగ్రహ ప్రసారము అనగా కంపెనీ వ్యవహారమే అని నేటి యౌవనస్థులు తలంచుచున్నారు. తెలుగు నేల అనుభవము వేరు. 1975 ఆగస్టు 1నుండి 1976 జూలై 31వరకు, నాసాకు చెందిన ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహము సహాయముతో, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు వ్యవసాయ, ఆరోగ్య, విద్యా కార్యక్రమములు ప్రసారమైనవి. తెలుగులోను కార్యక్రమములు వచ్చినవి. ఊరందరికి ఒకటే టెలివిజను. ప్రకటనలు లేవు, చందా లేదు. అయితే అది అరువు ఉపగ్రహము. సంవత్సరము నిండగానే అది మన ఆకాశమును విడిచి వెళ్లినది, ప్రసారము నిలిచిపోయినది. సాధనము ఎవరిదో, గడువును నిర్ణయించువాడు వాడే అను పాఠము మన పల్లెలు అప్పుడే నేర్చుకొన్నవి.

1995 ఫిబ్రవరి 9న క్రికెట్ ప్రసారముల వివాదములో సర్వోన్నత న్యాయస్థానము ప్రసార తరంగములు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినది. ఆ తీర్పులో తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు వేరుగా వ్రాసిన అభిప్రాయము కూడ ఉన్నది. లేవీయకాండము 25వ అధ్యాయము చదివినవారికి ఈ ఆలోచన క్రొత్తది కాదు. భూమి దేవునిది, దానిలో నివసించువారు పరవాసులు, కౌలుదారులు మాత్రమే. అందుచేత ఏబదియవ సంవత్సరమున భూమి మొదటి కుటుంబమునకు తిరిగి రావలెను, బానిస ఇంటికి పోవలెను. కంపెనీలును నేడు జూబిలీలు జరుపుకొనుచున్నవి. అయితే వాటి జూబిలీలో పెరిగిన ఆస్తిని లెక్కించెదరు. లేవీయకాండపు జూబిలీలో ఆస్తి ఎవరినుండి వచ్చెనో లెక్కించి తిరిగి అప్పగించెదరు.

ఒక అభ్యంతరము

పౌలు రోమా చక్రవర్తి వేసిన బాటలమీద నడువలేదా, బాట ఎవరిదైననేమి, సువార్త చేరిన చాలును గదా అని మన సహకాపరులు కొందరు అందురు. ఈ అభ్యంతరము బలమైనదే. సాధనమును వాడవద్దని మేము చెప్పుటలేదు. స్వంత సాధనమే పరిష్కారమనియు చెప్పలేము. సేషెల్స్ దీవులనుండి 1970లో ప్రసారములు ఆరంభించి, మన దేశ భాషలలో సువార్త వినిపించిన ఫెబా క్రైస్తవ రేడియో కూడ అక్కడి స్వంత షార్ట్‌వేవ్ కేంద్రమును 2003లో మూసివేసినది.

అయితే అపొస్తలుల కార్యములు 28:11ను జాగ్రత్తగా చదువుడు. పౌలు మెలితే దీవినుండి ఎక్కిన ఓడ అలెక్సంద్రియ పట్టణమునకు చెందినదనియు, దానికి అన్య దేవతల చిహ్నము ఉన్నదనియు లూకా వ్రాసెను. ఆ సంగతి వ్రాయకపోయినను ప్రయాణము చెడిపోదు, సువార్త ఆగిపోదు. అయినను ఆయన వ్రాసెను. ఓడ ఎక్కుటకు లూకా భయపడలేదు, ఓడ చిహ్నమును దాచుటకును ఇష్టపడలేదు. ఇదియే మేము కోరు వైఖరి.

మన సంఘములకు వర్తింపు

టెలివిజనులో అరగంట సమయము కొనుటకు మన సంఘములు కానుకల సొమ్ము వెచ్చించుచున్నవి. ఆ కానుకలో కూలి చేసికొను స్త్రీల పిడికెడు బియ్యపు సొమ్ము కూడ ఉన్నది. కావున ఒప్పందముమీద సంతకము చేయకమునుపు పాస్టరేటు కమిటీ కొన్ని ప్రశ్నలు అడుగుట ధర్మము. ఈ ఛానలు యజమానుడెవరు? గత పది సంవత్సరములలో ఎన్ని చేతులు మారినది? యజమానుడు మారినయెడల మనము ముందుగా చెల్లించిన సొమ్ము ఏమగును? మనతోపాటు అదే తెరమీద ఏమి అమ్మబడుచున్నది? ప్రార్థన కోరి ఫోను చేయు విశ్వాసుల వివరములు ఎవరియొద్ద ఉండును? యూట్యూబ్‌లో ఉచితముగా ప్రసారము చేయువారును ఈ ప్రశ్నలకు మినహాయింపు కాదు. వెల చెల్లింపనిచోట విశ్వాసి దృష్టియే వెలగా పోవుచున్నది.

మరియొక మాట. ఈ విమర్శ మన యింటికి కూడ చెందును. మన సంఘముల శతజయంతి సంచికలను తెరచి చూడుడు. బిషపుల సందేశములు, దాతల ఛాయాచిత్రములు, ఆలయ నిర్మాణపు తేదీలు ఉండును. ఎండలో కాలినడకన గ్రామములు తిరిగిన బైబిలు స్త్రీల పేర్లు కొన్నిచోట్ల ఒక వరుసలో ఉండును. వారి జీతమెంత, వృద్ధాప్యములో వారిని ఎవరు చూచిరి, ఏ తగవులో ఏ ఉపదేశి వెళ్లగొట్టబడెను అనునవి ఉండవు. ఇంటెల్‌సాట్ చరిత్రలో అప్పును వెదకిన కన్నులతోనే మన సంచికలో ఊరియాను వెదకవలెను. లేనియెడల మన విమర్శ పరులమీద వేసిన రాయి మాత్రమే.

ముగింపు

కంపెనీ చరిత్రలు చదువుట మానవలసిన పని లేదు. వాటిలో సాహసమున్నది, శ్రమ ఉన్నది, శాస్త్రజ్ఞుల ప్రతిభ ఉన్నది. అయితే వాటిని చదువునప్పుడు మూడు సంగతులు వెదకుట మన విద్యార్థులకు నేర్పవలెను. ఆరంభములో ప్రజల సొమ్ము, ప్రజల ఒడంబడిక ఎంత ఉన్నది? యజమానుడు మారిన ప్రతిసారి అప్పు ఎవరి నెత్తిన పడినది? వ్యాపార ప్రయోజనముకొరకు ఏ స్వరము మూయబడినది? ఈ మూడింటిని అడుగువాడు నాతాను పని చేయుచున్నాడు. నాతాను రాజుయొక్క సింహాసనమును కూలద్రోయలేదు. రాజు విడిచిపెట్టిన అధ్యాయమును రాజునకే చదివి వినిపించెను. ప్రసార యుగములో సంఘమునకు అప్పగింపబడిన ప్రవచన పరిచర్యలో ఇదియు ఒక భాగమని మేము నమ్ముచున్నాము.